మధ్య గొంతు

నాకు పాట రాదు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నలుగురు ఆడవాళ్ల బృందంలో తొమ్మిదేళ్లు పాడినదాన్ని. మా నలుగురి ముఖాలతో ఒక సీడీ కూడా వచ్చింది. అలాంటిదాన్ని పాట రాదంటే వినేవాళ్లకి వినయంలా ఉంటుంది. వినయం నా ఒంటికి పడదు. ఉన్నమాటే చెబుతున్నాను. మా పాటల్లో నా వంతు నాకు వచ్చు. పాట మాత్రం రాదు.

మేం పాడినది సోల్. అమెరికాలో నల్లజాతివాళ్ల చర్చిల్లో పుట్టి, తర్వాత ప్రేమపాటల్లోకి దిగిన సంగీతం అది. ఒకరు ముందు నిలబడి పాట నడిపిస్తారు. మిగిలినవాళ్లు అదే మాటను తలో ఎత్తులో పట్టుకుని వెనక నుంచి మోస్తారు. మా నలుగురిలో పాట నడిపింది మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. ఆవిడకి పైన పలికేది ఒక తమిళ స్నేహితురాలు. అన్నిటికీ అడుగున, సముద్రం అవతలి సరవాక్ రాష్ట్రం నుంచి వచ్చిన ఒక క్రైస్తవురాలు. ఆవిడ గొంతు ఎంత లోతంటే, ఫోన్లో వినేవాళ్లు అయ్యా అని పిలిచేవారు. వదినకీ ఆవిడకీ మధ్య మిగిలిన చోటు నాది. మధ్య గొంతు. పప్పులో ఇంగువ అనుకునేరు, ఇంగువకి వాసనైనా ఉంటుంది.

అందరం మలేసియాలో సుంగై పెటాని అనే ఊళ్లో ఒకే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. భూతద్దంలోకి వంగి చీమ తలంత ముక్కలు అతికించే పని. వదినా నేనూ ఇద్దరం తాతల కాలంలో కూలికి వలసొచ్చిన తెలుగువాళ్ల పిల్లలం, సుంగై సిపుట్ దగ్గర ఒకే రబ్బరు తోటలో పుట్టినవాళ్లం. శనివారం శనివారం తోటలోని రామ భజన మందిరంలో పాడి పెరిగాం. ఆవిడ అన్నయ్యని చేసుకుని సుంగై పెటాని వస్తే, ఆ వెనకే నేనూ వచ్చి వాళ్లింట్లో ఉండి ఫ్యాక్టరీలో చేరాను. ఉదయం బస్సులో వదిన ఏదో ఒకటి కూనిరాగం తీస్తుండేది. ఒకరోజు సరవాక్ ఆవిడ వెనక సీట్లోంచి దానికి అడుగు గొంతు కలిపింది. నేను వెనక్కి తిరిగి గుడ్లురిమి చూశాను. భజనలో పెరిగినవాళ్లకి అందరి గొంతూ ఒక్కటై పలకాలి. పక్కకి పోయిన గొంతు తప్పు గొంతు. మందిరంలో అలా పాడితే మద్దెల వాయించే తాతయ్య వాయింపు ఆపి మరీ చూసేవాడు.

కాబట్టి నాకు మధ్య గొంతు నేర్పడం ఆ సరవాక్ ఆవిడకి బ్రహ్మప్రళయమైంది. పాట మొదలైన రెండో నిమిషానికి నా గొంతు జారి వదిన గొంతులో కలిసిపోయేది. ఎన్నిసార్లు లాగినా అంతే. చివరికి ఆవిడ విసిగి, నా కుడి చేతి వేలు తీసి నా కుడి చెవిలో పెట్టింది. వదిన నిలబడేది ఆ పక్కనే. వదినని వినకుండా ఉంటేనే నా దారి నాకు దొరికింది. అప్పటినుంచి తొమ్మిదేళ్లూ, వంటింట్లో సాధన చేసినా, ఫ్యాక్టరీ వార్షిక విందులో మెరుపుల గౌన్లు వేసుకుని పాడినా, కుడి చెవి మూసుకునే పాడాను. జనం అదొక స్టయిల్ అనుకున్నారు. ఎవరెవరి పెళ్లిళ్లలోనో చిన్నపిల్లలు నన్ను చూసి చెవిలో వేలు పెట్టుకుని ఎగిరేవారు.

వదిన గొంతు గురించి చెప్పాలి. చెప్పకపోతే నా అసూయ మీకు అర్థం కాదు. పెద్ద గొంతేమీ కాదు. కొంచెం గరుకు. కానీ ఆవిడ ఒక మాట పట్టుకుంటే, ఆ మాట మనకి నిన్ననే జరిగిందనిపించేది. రిహార్సల్‌లో వందసార్లు విన్న లైనుకే మా తమిళ స్నేహితురాలు కళ్లు తుడుచుకుంటూ, "అయ్యో అక్కా, పోదుం లా," ఇక చాలు అని మొత్తుకునేది. నాకూ ఏడుపొచ్చేది. అంతలోనే ఒళ్లు మండేది. ఆ గొంతు కింద నేనూ ఉన్నానని ఆవిడకి తెలుసా అని.

సీడీ చేయడానికి కౌలాలంపూర్ వెళ్లాం. సోఫాలమ్మే కొట్టు పైన ఒక చిన్న స్టూడియో. అద్దం వెనక నెమ్మదైన చైనీస్ పెద్దమనిషి. ఎనిమిది పాటలూ మేం కట్టుకున్నవే, సగం ఇంగ్లీషు, సగం మలయ్. మొదటిది ఫ్యాక్టరీ బస్సు పాట. ఒక ఆడది వానలో బస్సు కోసం నిలబడి, ప్రియుడి కోసం నిలబడ్డట్టు తనకి తాను చెప్పుకునే పాట. మాటలన్నీ వదినవి. నాకు దక్కిన మాట ఒకటే, 'తుంగ్గు'. మలయ్‌లో ఎదురుచూడు అని. పాట పొడుగునా తుంగ్గు, తుంగ్గు అంటూ నిలబడటమే నా పని.

ఆ స్టూడియోలో మేమొక వెర్రి పని చేశాం. భజనలో పాట పూర్తవగానే నడిపించినవాళ్లు "గోవిందా" అంటారు, మిగిలినవాళ్లం "గోవింద" అని పలకాలి. పలకకపోతే పాట మూతపడనట్టే. మూడో పాట బ్రహ్మాండంగా కుదిరింది. చివరి సవ్వడి ఆగీ ఆగకముందే, వదిన అలవాటులో చిన్నగా "గోవిందా" అంది. నేను తోటలో అలవాటైనట్టే గది అదిరేలా "గోవింద!" అన్నాను. అద్దం వెనక పెద్దమనిషి తలెత్తి, అది కూడా పాటలోదేనా అని అడిగాడు. సరవాక్ ఆవిడ ముఖంలో నవ్వన్నది లేకుండా, అవును, పాటలోదే అంది. అది అలాగే ఉండిపోయింది. విడిపోయిన ప్రియుడి మీద ఇంగ్లీషు పాట, చివర గోవింద. ఆ సీడీ మొత్తంలో నా గొంతు ఒంటరిగా వినిపించే చోటు అదొక్కటే. అట్ట మీద ఫొటోలో కూడా నేను సగమే. మిగతా సగం వదిన భుజం వెనక ఉంది.

సీడీ చేతికొచ్చిన రోజు అన్నయ్య ఇంట్లో అందరం చేరి విన్నాం. వదిన గొంతు ముందుకొచ్చి గది నిండా కూర్చుంది. పైన తమిళ స్నేహితురాలి గొంతు తీగలా వినిపించింది. అడుగున సరవాక్ ఆవిడ గొంతుకి గచ్చు వణికింది. నేను ముందుకి వంగి, స్పీకరుకి చెవి ఆనించి వెతుక్కున్నాను. ఎనిమిది పాటలూ వెతికితే ఆ ఒక్క గోవింద తప్ప దొరకలేదు.

"వదినా, నా గొంతేదొదినా?" అన్నాను.

వదిన అందరికీ టీ పోస్తోంది. తల తిప్పకుండానే, "నీది ఇనపడకపోతే ఏటయిపోనాదే? పాట ఇనపడతంది కదా. ఇంకేటి కావాల?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నొచ్చుకున్నాను. ఇంకేం కావాలి అని అడిగింది కదా, ఆరోజు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను. నీ గొంతు నేను విన్నానే అని ఆవిడ ఒక్కసారి అనాలి. వేరే ఎవరూ అనక్కర్లేదు. అంతే కావాలి.

తర్వాతి వారం సాధనకి రమ్మంటే, షిఫ్టు మారింది, కుదరదన్నాను. షిఫ్టు మారలేదు. ఆ పై వారం కూడా అదే చెప్పాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, వదిన మీద కోపం పాట మీద చూపించాను. ముగ్గురూ కలిసి రెండు మూడు చోట్ల పాడారట. కుదరలేదట. ఒకసారి సరవాక్ ఆవిడ క్యాంటీనులో నా పక్కన కూర్చుని, మీ వదిన పాడుతూ పాడుతూ ఎడమ పక్కకి చూస్తోంది, అక్కడెవరూ లేరు, రా, అని బతిమాలింది. నేను తల వంచుకుని మీగొరెంగ్ నూడుల్స్ తినేశాను. వదిన వచ్చి పిలుస్తుందని కాచుకున్నాను. ఆవిడ పిలవలేదు. పిలవందే నేను పోలేదు. రెండో సీడీ కోసం కట్టుకున్న పాటలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తప్పు నాదే. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరి దగ్గరా అనలేదు.

తర్వాత నాకు పెళ్లయి కౌలాలంపూర్ వచ్చాను. తమిళ స్నేహితురాలు కూతురి దగ్గరికి జొహోర్ వెళ్లిపోయింది. సరవాక్ ఆవిడ తన ఊరు వెళ్లి, అక్కడే కన్నుమూసింది. అన్నయ్య పని మానేశాక వదినని తీసుకుని సుంగై సిపుట్ వెళ్లి మోటారు సైకిళ్ల రిపేరు షాపు పెట్టాడు. పండగలకి వెళ్లేదాన్ని. వదిన చేసిన పులుసన్నం తినేదాన్ని, చీరల గురించి, చక్కెర జబ్బు గురించి, ఎవరి కోడలు ఎలాంటిదన్న దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. పాట మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఇద్దరికీ అదొక పంతం. ఇరవై ఏళ్లు ఇట్టే పోయాయి.

ఈ మధ్య మా ఫ్లాటు పై అంతస్తులోకి హైదరాబాద్ నుంచి కంప్యూటర్ ఉద్యోగాల జంట వచ్చింది. ఆ అమ్మాయి కరివేపాకు కోసం వస్తుంటుంది. మాది ఏ తెలుగో అర్థం కాక మొదట్లో తికమకపడింది గాని, ఇప్పుడు బాగానే కలిసిపోయింది. ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఆంటీ, మీరు పని చేసుకుంటూ రోజూ ఏదో పాడుతుంటారు, ఏ పాటండీ అది?" అంది.

మాదే, మేం కట్టుకున్నదే అన్నాను గర్వంగా. పాడమంది. పాడాను. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న పిల్లట, తల వంచి శ్రద్ధగా వింది. విని, మొహమాటపడుతూ, "సారీ ఆంటీ, ట్యూన్ పట్టుకోలేకపోతున్నా," అంది.

ట్యూన్ అంటే వదిన పాడింది కదా అని, అది పాడబోయాను. రాలేదు. మళ్లీ మొదలుపెట్టాను. గొంతు దానంతటది కిందికి దిగి, దాని పాత చోట్లో నిలబడింది. తుంగ్గు, తుంగ్గు. చూస్తే నా వేలు నా చెవిలోనే ఉంది. తొమ్మిదేళ్లు పాడిన పాటని నేనసలు సరిగ్గా వినలేదని ఆరోజు తెలిసింది. సీడీ పెట్టి వినిపించాను. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత బాగుందండీ! ఇందులో మీరెక్కడ?" అంది. పాపం, మంచి మనసుతోనే అడిగింది. కరివేపాకు ఇచ్చి పంపేశాను.

ఆమె వెళ్లాక సీడీ మళ్లీ మొదటికి పెట్టాను. వదిన కావాలనిపించింది. సీడీలో గొంతు కాదు. నా కుడి పక్కన నిలబడి, లైను ముందు ఊపిరి పీల్చినప్పుడు భుజం వచ్చి నా భుజానికి తగిలే మనిషి కావాలనిపించింది. ఆవిడ లేకపోతే నా దగ్గరున్నది పాట కాదు, పావు వంతు గొణుగుడు. బెంగంటే నా వయసులో సిగ్గుగా ఉంటుంది, కాని అది బెంగే.

ఆ నెలలోనే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదినకి మతిమరుపు ముదిరిపోనాదే. ఒకోపాలి నన్నే, ఎవులు నువ్వు అని అడగతంది. ఓపాలి వచ్చి ఎల్లు. ఇంకా ఆలీసం సేస్తే, నువ్వొచ్చినా వచ్చినట్టు దానికి తెల్దు," అన్నాడు.

అప్పటికి ఏడాదిన్నరగా నేను అటు వెళ్లలేదు. మోకాళ్లని, వానలని సాకులు. మర్నాడే రైలెక్కాను. దారి పొడుగునా రెండు మాటలు కూడబలుక్కున్నాను. ఒకటి, షిఫ్టు మారిందని చెప్పింది అబద్ధం వదినా అని. రెండోది, నా గొంతు ఎప్పుడైనా విన్నావా అని. ఈ రెండూ అనేశాక ఏమైనా పరవాలేదనుకున్నాను.

అన్నయ్య షాపు ముందు, ఇల్లు వెనక. వదిన వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చిక్కిపోయింది. జడ మాత్రం ఎవరో చక్కగా వేశారు. అన్నయ్యే అయ్యుంటాడు. నన్ను చూసి మర్యాదగా లేవబోయింది.

"రాండి, కూకోండి. బోయినం సేసినారా?" అంది.

ఆవిడ జన్మలో నన్ను రాండి అనలేదు. ఏటే, ఓలే, గుంటా, ఇవే నా పేర్లు. ఆవిడ చెప్పినట్టే, అతిథిలా కూర్చున్నాను.

"నీ ఆడపడుసే, సూడు," అన్నాడు అన్నయ్య.

"ఓహో, అలగా," అంది వదిన, ఎవరి ఆడపడుచో అన్నట్టు. మళ్లీ వెల్లుల్లిలో పడింది.

కూడబలుక్కున్న మాటలు ఎవరికి చెప్పను? పోనీ పాటైనా గుర్తుపడుతుందేమోనని పక్కన చేరి మెల్లగా పాడాను. తుంగ్గు, తుంగ్గు. వదిన పొట్టు ఊదుకుంటూ కూర్చుంది. ఎలా గుర్తుపడుతుంది? గోడ అవతలి పొయ్యి చప్పుడుకీ దానికీ తేడా ఏముంది? ఆవిడ పాట ఆవిడకి తిరిగి ఇద్దామంటే అది నా దగ్గర లేకపోయె. జీవితంలో ఇంత చేతకానితనం నాకెప్పుడూ తెలియలేదు.

అన్నయ్య మా ఇద్దరినీ చూస్తూ నిలబడి, "సీడీ ఉన్నాది. పెట్టే మిసనే నేదు. కారులో ఐతే పాడతాది," అన్నాడు.

షాపు రేకుల కింద పాత కారుంది. వదినని నడిపించుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను స్టీరింగు వెనక కూర్చున్నాను. అన్నయ్య సీడీ లోపలికి తోసి, తలుపు మూసి, కాస్త దూరంలో ఒక బండి చక్రం ముందు గొంతుక్కూర్చుని మాకు వీపు తిప్పాడు. బయట వాన మొదలైంది.

బస్సు పాట వచ్చింది. వదిన గొంతు కారంతా నిండింది. ఆవిడ తల పక్కకి వంచి వింది.

"ఎవులే ఇది? మంచి గొంతు," అంది. 'ఎవులే' అన్నందుకే నా ప్రాణం లేచొచ్చింది.

"నువ్వేనొదినా."

"నానా? సాల్లే, యేళాకోళం," అని నవ్వింది.

కలిసి పాడమన్నట్టు ఆవిడ చెయ్యి తట్టాను. వదిన నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది. "గమ్మునుండు. ఆవిడ ఎత్తుకున్నాది కదా. ఒకరు ఎత్తుకున్నాక మీద పడకూడదు. అందుకోవాల," అంది. అది భజన మర్యాద. నడిపించేది ఎంత చిన్నదైనా, ఎంత కొత్తదైనా, మిగతావాళ్లు వెనకే నిలబడాలి. తన గొంతు వెనక తానే నిలబడటానికి వదిన సర్దుకుని కూర్చుంది.

రెండో చరణానికి అందుకుంది.

తుంగ్గు, తుంగ్గు. పై వంతు కాదు, అడుగు వంతు కాదు. నాది. ఒక మెట్టు దిగి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ ఎక్కే చోటు ఒకటుంది, నేనే మర్చిపోయాను, అది కూడా పాడింది. ఆ రోజుల్లో నాకు ఆయాసం ఉండేది, మాట మధ్యలో దొంగతనంగా ఊపిరి పీల్చేదాన్ని. వదిన సరిగ్గా అక్కడే ఆగి పీల్చింది. వినకుండా ఎవరూ అలా పాడలేరు. ఏళ్ల తరబడి, పక్కనే నిలబడి వినకుండా పాడలేరు.

నేను ఏడుస్తున్నానని ఆవిడ చూసింది. పాట ఆపింది. అతిథి ముందు ఏదో తప్పు చేసినట్టు కంగారుపడింది.

"ఇది నా వంతు కాదండి," అంది. "మా ఆడపడుసుది. దానికి సిఫ్టు. ఈయేళ రానేదు. అది వచ్చేవరకు వంతు కాలీగా ఒగ్గీకూడదు కదా, అందుకని నాను పట్టుకున్నాను."

అద్దాల మీద వాన కొడుతోంది. సీడీలో పాట ఇంకా నడుస్తోంది.

"వచ్చినానొదినా," అన్నాను.

వదిన నా ముఖంలోకి చూసింది. గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. సీట్లో కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.